డ్రాఫ్టులో ఉండి ఫెయిర్ కాపీలో లేనివి

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన మాకు, ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఒక అలవాటు వదలలేదు. ఏ ఉత్తర్వు చేతికి వచ్చినా దాని డ్రాఫ్టు ఎక్కడుందని వెతుకుతాము. ఫెయిర్ కాపీలో ఉన్నది అందరికీ కనబడుతుంది. డ్రాఫ్టులో ఉండి ఫెయిర్ కాపీలోకి రాకుండా ఆగిపోయిన వాక్యం ఏది, దానిని ఎవరు కొట్టివేశారు, కొట్టివేస్తున్నప్పుడు సంబంధిత వ్యక్తులు గదిలో ఉన్నారా లేదా అన్నది మాత్రం ఫైలు తిరగేసిన వానికే తెలుస్తుంది.

2024 జూన్ 9వ తేదీన కేంద్రంలో కొత్త మంత్రివర్గం ప్రమాణస్వీకారం చేసింది. ఆ తర్వాతి శుక్రవారం శ్రీకాకుళం జామియా మసీదులో జుమా నమాజు ముగించుకొని మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుండగా మా పక్క వీధి కుర్రవాడు ఒకడు మమ్మల్ని ఆపాడు.

"చాచా, మన జిల్లా ఎంపీ కేబినెట్ మంత్రి అయ్యారు. మన రాష్ట్రం మద్దతు లేకపోతే ఢిల్లీలో ప్రభుత్వమే నిలబడదంటున్నారు. మరి మనోళ్లకి ఏటొస్తాది?"

మేము జవాబు చెప్పేలోగా పక్కనున్న పెద్దాయన అందుకున్నారు. "డెబ్బై రెండు మంది ప్రమాణం చేశారు నాయనా. అందులో మనవాడు ఒక్కడు లేడు. ఏటొస్తాదని నువ్వు అడుగుతున్నావు గానీ, ఏటి కావాలో ఎవరైనా అడిగారా?"

1641లో కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన ఆ మసీదు మెట్ల మీద ఇటువంటి ప్రశ్న వినబడడం మాకు వింతగా తోచలేదు. కుతుబ్‌షాహీలు, మొఘలులు, నిజాం, ఫ్రెంచివారు, కంపెనీవారు, కాంగ్రెసువారు అందరూ వచ్చి పోయారు. ప్రతి పాలన మార్పులోనూ ఎవరో ఎవరితోనో రాజీపడ్డారు. ఆ రాజీల్లో మన వాటా ఏమిటన్న ప్రశ్న ప్రతిసారీ అంతా ముగిసిన తర్వాతే మన మెట్ల దాకా వచ్చింది.

కూటమి ప్రభుత్వం అంటేనే రాజీ. ఆ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీకి వచ్చినవి 240 స్థానాలు. కావలసిన ఆధిక్యం 272. తెలుగుదేశం పార్టీ 16 స్థానాలు, జనతాదళ్ యునైటెడ్ 12 స్థానాలు ఆ లోటును పూరించాయి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడుగారికి పౌర విమానయాన శాఖ దక్కింది. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. మద్దతు ఇచ్చినవారు దానికి తగిన ధర అడుగుతారు. అది రాజకీయం. రాజీ మంచిదా చెడ్డదా అన్న చర్చతో మాకు పనిలేదు. ధర నిర్ణయమయ్యే వేళ బల్ల దగ్గర ఎవరున్నారు, ఇచ్చినదానికి ప్రతిగా తీసుకున్నది కాగితం మీదకు ఎక్కిందా అన్న రెండు సంగతులే మాకు ముఖ్యం. ఈ రెండు ప్రశ్నలు పట్టుకొని ఈ దేశంలో జరిగిన అతిపెద్ద రాజీ దగ్గరకు, అంటే రాజ్యాంగ సభ దగ్గరకు, ఒకసారి వెళ్లి రావాలని మా కోరిక.

1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ మొదటిసారి సమావేశమైంది. ఆ సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు. వయోజనులందరికీ ఓటు లేని రోజుల్లో, ఆస్తి, చదువు, పన్ను ఆధారంగా ఓటు పొందిన కొద్దిమంది ఎన్నుకున్న రాష్ట్ర శాసనసభలు వారిని పంపాయి. మన తాతల్లో సబ్బుల దుకాణం పెట్టుకున్నవారు, జట్కా తోలినవారు, దర్జీలు, కూలీలు ఎందరికి ఆ ఓటు ఉండి ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు. తెలుగునాట ముస్లింలు అత్యధికంగా ఉన్న హైదరాబాద్ సంస్థానం సంగతి మరీ విచిత్రం. నిజాం తన ప్రతినిధులను ఆ సభకు పంపలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తర్వాత కూడా ఆ స్థానాలు నిండలేదు. అంటే మన భవిష్యత్తు రాసిన బల్ల దగ్గర తెలంగాణ ముస్లింల కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. మద్రాసు రాష్ట్రం తరఫున మాట్లాడిన ముస్లిం సభ్యులు కొద్దిమందే. మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్, బి. పోకర్ సాహెబ్, మహబూబ్ అలీ బేగ్ సాహెబ్ వారిలో ముఖ్యులు.

మైనారిటీల సంగతి చూడడానికి సర్దార్ పటేల్ అధ్యక్షతన సలహా సంఘం, దానికింద హెచ్.సి. ముఖర్జీ అధ్యక్షతన మైనారిటీల ఉపసంఘం ఏర్పడ్డాయి. 1947 ఆగస్టులో సలహా సంఘం నివేదిక సభ ముందుకు వచ్చింది. దేశం అప్పటికే రెండుగా చీలింది. పంజాబులో నెత్తురు పారుతోంది. ఆ వాతావరణంలో కూడా ఆ నివేదిక మనం ఈనాడు ఆశ్చర్యపోయేటన్ని హామీలు ఇచ్చింది. బ్రిటిష్ కాలపు ప్రత్యేక నియోజకవర్గాలను రద్దు చేసింది గానీ, ఉమ్మడి నియోజకవర్గాల్లోనే జనాభా దామాషాలో మైనారిటీలకు పదేళ్లపాటు స్థానాలు కేటాయించాలన్నది. ప్రత్యేక నియోజకవర్గాలు కొనసాగించాలని పోకర్ సాహెబ్ తెచ్చిన సవరణ అప్పుడే వీగిపోయింది.

1948 ఫిబ్రవరిలో డాక్టర్ అంబేద్కర్ నాయకత్వంలోని ముసాయిదా సంఘం తన డ్రాఫ్టును సమర్పించింది. గుమాస్తా కన్నుతో ఆ డ్రాఫ్టును, 1949 నవంబరు 26న ఆమోదం పొందిన ఫెయిర్ కాపీని పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగు చోట్ల మనకు సంబంధించిన కొట్టివేతలు కనబడతాయి.

చట్టసభల్లో ముస్లింలకు స్థానాల కేటాయింపు డ్రాఫ్టులో ఉంది. ఫెయిర్ కాపీలో లేదు. ప్రభుత్వోద్యోగాల్లో మైనారిటీ వర్గాలన్నిటి హక్కులను పరిపాలనా సామర్థ్యానికి భంగం లేకుండా పరిగణనలోకి తీసుకోవాలన్న 296వ అధికరణం డ్రాఫ్టులో ఉంది. అదే ఫెయిర్ కాపీలో 335వ అధికరణమైంది. కానీ 'మైనారిటీ వర్గాలు' అన్న మాట పోయి షెడ్యూల్డు కులాలు, తెగలు మాత్రమే మిగిలాయి. మైనారిటీల రక్షణలు అమలవుతున్నాయో లేదో విచారించి చట్టసభకు నివేదించడానికి కేంద్రంలోనూ, ప్రతి రాష్ట్రంలోనూ ఒక ప్రత్యేకాధికారి ఉండాలని డ్రాఫ్టు చెప్పింది. ఫెయిర్ కాపీలో 338వ అధికరణం కింద ఆ అధికారి షెడ్యూల్డు కులాలు, తెగలు, ఆంగ్లో ఇండియన్ల సంగతి చూసేవాడయ్యాడు. మన గుమ్మం ముందు నుంచి ఆ అధికారి వెళ్లిపోయిన తర్వాత, చట్టబద్ధమైన జాతీయ మైనారిటీల కమిషన్ 1992 చట్టంతో గాని రాలేదు. అది కూడా మామూలు చట్టమే, రాజ్యాంగ అధికరణం కాదు.

నాలుగోది చాలామందికి తెలియనిది. మా దృష్టిలో అన్నిటికంటె ఆలోచింపజేసేది అదే. డ్రాఫ్టులో నాలుగో షెడ్యూలు పేరిట గవర్నర్లకు సూచనల పత్రం ఒకటి ఉండేది. మంత్రులను ఎంచుకునేటప్పుడు సాధ్యమైనంతవరకు ముఖ్యమైన మైనారిటీ వర్గాల వారికి చోటు కల్పించేందుకు గవర్నరు శాయశక్తులా ప్రయత్నించాలని అందులో ఒక వాక్యం ఉంది. 1935 చట్టం కింద గవర్నర్లకు ఇచ్చిన సూచనల నుంచి దిగివచ్చిన వాక్యమిది. మంత్రిపదవులు కేటాయించలేము గాని, సంప్రదాయంగా పాటించేటట్టు షెడ్యూలులో రాసిపెడతామన్నది 1947నాటి రాజీ. 1948 డిసెంబరులో మంత్రివర్గం గురించిన చర్చ వచ్చినప్పుడు మహబూబ్ అలీ బేగ్ సాహెబ్ ఇంకా ముందుకు వెళ్లి, మంత్రులను పార్లమెంటు ఉభయసభల సభ్యులే దామాషా పద్ధతిలో ఎన్నుకోవాలని సవరణ ప్రతిపాదించారు. అలా అయితే ఏ మంత్రివర్గమూ ఒక్క పార్టీ సొత్తు కాదన్నది ఆయన వాదన సారం. సభ ఒప్పుకోలేదు. బ్రిటిష్ నమూనాలో ప్రధానమంత్రి తన మంత్రులను తానే ఎంచుకోవాలన్నది అందరూ ముందే నిశ్చయించుకున్న సంగతి. సరే, ఎన్నిక వద్దన్నారు. షెడ్యూలులోని ఆ ఒక్క వాక్యమైనా మిగిలిందా? 1949 అక్టోబరులో నాలుగో షెడ్యూలును మొత్తంగా తీసివేశారు. గవర్నరు మంత్రుల సలహా మీద నడిచేవాడు గనుక, సూచనలు రాసినా అమలుపరచే దారి లేదని, సంప్రదాయాలే చాలునని భావించారు.

సంప్రదాయాలే చాలునన్న ఆ మాట అప్పటికి అబద్ధం కాదు. 1947 ఆగస్టు 15న ఏర్పడిన నెహ్రూగారి మొదటి మంత్రివర్గంలో మౌలానా ఆజాద్, రఫీ అహ్మద్ కిద్వాయ్ ఉన్నారు. కాంగ్రెసును జీవితమంతా విమర్శించిన అంబేద్కర్‌కు న్యాయశాఖ, హిందూ మహాసభ నుంచి వచ్చిన శ్యామాప్రసాద్ ముఖర్జీకి పరిశ్రమల శాఖ ఇచ్చారు. అంతకంటె పెద్ద రాజీ మంత్రివర్గం మళ్లీ ఏర్పడిందా అని మాకు సందేహం. ఆ సంప్రదాయం ఏడు దశాబ్దాలకు పైగా ఏదో ఒక రూపంలో నడిచింది. 2022 జూలైలో ముఖ్తార్ అబ్బాస్ నఖ్వీ రాజీనామాతో ఆగింది. ఆగినప్పుడు అడగడానికి ఏ అధికరణమూ లేదు. ఏ షెడ్యూలూ లేదు. సంప్రదాయం తప్పినందుకు ఏ కోర్టులోనూ దావా వేయలేము.

ఇక 1949 మే నెలలో జరిగిన అసలు బేరం సంగతికి వద్దాము. మే 11న సలహా సంఘం మళ్లీ కూర్చుంది. మతపరమైన మైనారిటీలకు స్థానాల కేటాయింపును ఎత్తివేయాలన్న తీర్మానం అక్కడ నెగ్గింది. మే 25, 26 తేదీల్లో సభ దానిని ఆమోదించింది. చట్టసభలో కేటాయింపు మనల్ని శాశ్వతంగా వేరుచేసే ఆత్మహానికరమైన ఆయుధమని బేగం ఐజాజ్ రసూల్ వాదించారు. ఇస్మాయిల్ సాహెబ్ మాత్రం కేటాయింపులు, ప్రత్యేక నియోజకవర్గాలు రెండూ ఉండాలని చివరిదాకా నిలబడ్డారు. ఇద్దరి చిత్తశుద్ధినీ మేము శంకించము. బేగం సాహెబా మాటలో దూరదృష్టి ఉంది. ఇస్మాయిల్ సాహెబ్ మాటలో ధైర్యం ఉంది. విభజన తర్వాత లీగు నాయకులు పలువురు కరాచీ దారి పట్టినప్పుడు, 1948 మార్చిలో మద్రాసులో కూర్చుని పార్టీని మళ్లీ నిలబెట్టిన మనిషి ఆయన. కాని దొరికే అవకాశమే లేని ప్రత్యేక నియోజకవర్గాన్ని పట్టుకొని వేలాడడంవల్ల, దొరకగలిగిన వాటి గురించి బేరమాడే బలం తగ్గిపోయిందని మా అభిప్రాయం. పెద్దల్ని తప్పుపట్టే వయసు మాకు వచ్చిందనుకోండి, చెప్పక తప్పదు.

సంయుక్త రాష్ట్రాల సభ్యుడు జెడ్.హెచ్. లారీ ఆ చర్చలో చెప్పిన మాట మీద మన పత్రికల్లో రావలసినంత చర్చ రాలేదు. కేటాయింపులు వద్దనుకుంటే వద్దు, ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురేసి సభ్యులను ఎన్నుకొని, ప్రతి ఓటరుకు మూడు ఓట్లిచ్చి, కావాలంటే మూడూ ఒక్కరికే వేసే వీలు కల్పించండి అన్నది ఆయన ప్రతిపాదన సారం. అందులో మతం పేరు లేదు. ఏ చిన్న వర్గమైనా, ఏ చిన్న పార్టీ అయినా తన ఓట్లను పోగుచేసుకొని ఒక్కరినైనా గెలిపించుకోగలదు. దానినీ సభ పట్టించుకోలేదు.

ఇంతవరకు చెప్పింది చాలామంది చెప్పేదే. మేము ప్రత్యేకంగా చూడమనేది, అదే మే నెలలో ఇతర మైనారిటీలు ఏం చేశారన్నది. సిక్కులు కూడా తమ స్థానాల కేటాయింపును వదులుకున్నారు. కాని ఊరికే వదులుకోలేదు. మజహబీ, రాందాసీ, కబీర్‌పంథీ, సిక్లీగర్ అనే నాలుగు సిక్కు కులాలను షెడ్యూల్డు కులాల జాబితాలో చేర్చాలని అడిగి ఒప్పించుకున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువులు కానివారు షెడ్యూల్డు కులం కాజాలరని రాసిన మూడో పేరాలోనే వారికి మినహాయింపు దొరికింది. 1956లో అది సిక్కులందరికీ, 1990లో బౌద్ధులకూ విస్తరించింది. మన పాకీపని చేసిన మెహతర్లు ఆ గీతకు ఇవతలే ఉండిపోయారు. ఆంగ్లో ఇండియన్లు జనాభాలో ఎంతమంది? అయినా లోక్‌సభలో ఇద్దరి నామినేషన్, రైల్వే, కస్టమ్స్, తపాలా, టెలిగ్రాఫు ఉద్యోగాల్లో పదేళ్ల వెసులుబాటు, పాఠశాలలకు గ్రాంట్లు, అన్నీ 331, 336, 337 అధికరణాల్లో అచ్చు వేయించుకున్నారు. ఆ నామినేషన్ 2020 జనవరి దాకా నడిచింది. క్రైస్తవులు మనలాగే ఏదీ అడగకుండా వదులుకున్నారు. సలహా సంఘంలో తీర్మానం పెట్టిన ముఖర్జీగారు స్వయంగా క్రైస్తవులే.

మనం వదులుకున్నదానికి ప్రతిగా మనకు దొరికింది మెజారిటీ సద్భావన మీద నమ్మకం. ముందు ముందు మెజారిటీ మైనారిటీ అన్న మాటే ఈ దేశం మరచిపోవాలని పటేల్‌గారు ఆ చర్చలో ఆశించారు. అది మంచి ఆశే. కాని ఫైలులో ఆశకు నంబరు ఉండదు.

ఇక్కడ మా ఉద్యోగ జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఉత్తరాంధ్రలోని ఒక చిన్న ఊరిలో రోడ్డు వెడల్పు చేయడానికి మన ఖబరస్తాన్ అంచున కొంత స్థలం కావలసి వచ్చింది. జమాత్ పెద్దలు కార్యాలయానికి వచ్చారు. చర్చ మర్యాదగానే జరిగింది. టీ తాగారు. స్థలం ఇవ్వడానికి పెద్దలు ఒప్పుకున్నారు. ప్రతిగా మిగిలిన మూడు వైపులా ప్రహరీ కట్టించి ఇస్తామని, వెనక ఉన్న పోరంబోకులో అంతే స్థలం చూపిస్తామని అధికారి చెప్పారు. డ్రాఫ్టులో ఆ వాక్యం ఉంది. మేమే రాశాము. డ్రాఫ్టు పైనుంచి తిరిగివచ్చేసరికి ఆ వాక్యం మీద పెన్సిలు గీత ఉంది. ఫెయిర్ కాపీ టైపు చేసింది మేమే. ఆ వాక్యం లేకుండానే టైపు చేశాము. సాయంత్రం మసీదులో ఆ పెద్దలు కనబడి పని అయిపోయిందా అని అడిగితే, అయిపోయిందని చెప్పాము. ఏం పోయిందో చెప్పలేదు. రెండేళ్లకు అధికారి బదిలీ అయ్యారు. పెద్దలు ప్రహరీ సంగతి అడగడానికి వస్తే కొత్తవారు ఫైలు తెప్పించి, అటువంటి హామీ ఏదీ లేదే అన్నారు. ఆయన చెప్పింది నిజమే. తర్వాత చందాలు వేసుకొని ఒక వైపు గోడ కట్టారు. మిగతా రెండు వైపులా ఈనాటికీ ముళ్లకంపే. మా బావగారి ఖబర్ అక్కడే ఉంది. వెళ్లినప్పుడల్లా ఆ కంప మాకు కనబడుతుంది.

అందుకే 1949నాటి పెద్దల మీద మాకు కోపం రాదు. గదిలో కుర్చీ ఉండి కూడా నోరు విప్పలేని పరిస్థితి ఎలా ఉంటుందో మాకు కొంత తెలుసు. విభజన నెత్తురు ఆరలేదు. హైదరాబాదు గాయం పచ్చిగా ఉంది. ముస్లిం సభ్యుడు ఏది అడిగినా ఇంకో పాకిస్తాన్ అడుగుతున్నాడా అని చూసే రోజులు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ముస్లింలకు ఈ చరిత్ర వేరుగా కనబడాలి. 2011 జనగణన ప్రకారం ఈ రెండు జిల్లాల్లో మనం నూటికి ఒకరం కూడా లేము. జనాభా దామాషాలో స్థానాలు కేటాయించినా ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా మనకు ఒక్క స్థానం వచ్చేది కాదు. లారీగారి మూడు ఓట్ల పద్ధతి వచ్చినా మన లెక్క చాలదు. మలబారులోనో, రాయలసీమలోనో, పాతబస్తీలోనో ఉండే అన్నదమ్ములకు సీటు పోయిందన్న బాధ సహజం. మనకు పోయిన సీటు మొదటి నుంచీ లేదు. కొన్ని మునిసిపల్ వార్డుల్లో తప్ప మన ఓటు ఫలితాన్ని తిప్పే చోటు లేదు. మన ఇళ్లలో పెళ్లికి పక్కింటి తెలుగువారు పీటలు మోస్తారు. విజయనగరం బాబామెట్ట ఖాదర్ బాబా దర్గాకు వచ్చేవారిలో మతం లెక్కకట్టడం ఎవరివల్లా కాదు. ఆ మంచితనం నిజమైనదే. దాని మీదనే మనం బతుకుతున్నాము. కాని ఇంత తక్కువగా ఉన్నవారికి కాగితం మీద రాసినదాని అవసరం ఎక్కువ. సంఖ్య ఉన్నవాడు వీధిలోకి వచ్చి అడగగలడు. మనకు అధికరణం నంబరే వీధి.

రాజ్యాంగంలో మిగిలిన కొద్ది వాక్యాలు మనకు ఎంత చేశాయో చూడండి. 16(4)లో 'వెనుకబడిన తరగతులు' అన్న మాట మతం పేరు ఎత్తకుండా నిలిచింది. ఆ మాట ఆధారంగానే దూదేకులవారు బి.సి. జాబితాలో చేరారు. ఆ మాట ఆధారంగానే 2007 చట్టంతో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. తుది తీర్పు రాలేదు. ఇన్నేళ్లుగా మన పిల్లలు ఇంజనీరింగు, మెడిసిన్, డిగ్రీ సీట్లలో కూర్చుంటున్నది ఆ మధ్యంతర ఉత్తర్వు మీద. ధ్రువపత్రాల మీద 'బి.సి.-ఇ' అని రాసి ముద్ర వేసిన ప్రతిసారీ, ఈ మూడు అక్షరాల వెనక 1949లో మిగిలిపోయిన రెండు మాటలున్నాయని మాకు అనిపించేది. 30వ అధికరణం లేకపోతే మన విద్యాసంస్థలు లేవు. 25, 26 లేకపోతే మసీదు నిర్వహణ హక్కు లేదు. రాసినవి నిలబడ్డాయి. దెబ్బలు తిన్నా నిలబడ్డాయి. రాయనివి ఎవరూ కొట్టకుండానే పడిపోయాయి.

ఇప్పుడు కూటమి ప్రభుత్వం దగ్గరకు తిరిగి వద్దాము. ఈ దేశానికి మళ్లీ రాజీల కాలం వచ్చింది. వక్ఫ్ సవరణ బిల్లు 2024 ఆగస్టు 8న లోక్‌సభకు వచ్చింది. సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. తెలుగుదేశం పార్టీ దానిని వ్యతిరేకించలేదు, మద్దతే ఇచ్చింది. కాని మద్దతుకు ముందు కొన్ని మార్పులు అడిగింది. వాడుకవల్ల వక్ఫ్ అయిన ఆస్తులు చట్టం రాకముందే నమోదై ఉంటే, వివాదంలో లేనివీ ప్రభుత్వ భూమి కానివీ తిరగదోడకూడదన్నది ఒకటి. వివాదంలో నిర్ణయాధికారం కలెక్టరుకు కాక అంతకంటె పై అధికారికి ఉండాలన్నది ఇంకొకటి. పత్రాల డిజిటల్ నమోదుకు గడువు పెంచాలన్నది మరొకటి. ఆ మార్పులు బిల్లులోకి ఎక్కాయి. 2025 ఏప్రిల్ 3 తెల్లవారుజామున 288–232 ఓట్లతో లోక్‌సభలో, మర్నాడు 128–95 ఓట్లతో రాజ్యసభలో బిల్లు నెగ్గింది.

ఆ మద్దతు మన సమాజాన్ని నొప్పించింది. మమ్మల్నీ నొప్పించింది. వక్ఫ్ బోర్డులో ముస్లిమేతరులు ఉండాలన్న నిబంధన ఏ న్యాయం ప్రకారమో మాకు అర్థం కాదు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న చట్టం మొత్తాన్ని ఆపలేదు గాని, ఐదేళ్లు ఇస్లాం ఆచరించినట్టు రుజువు చూపాలన్న షరతును, అధికారి విచారణతోనే ఆస్తి స్వభావం మారిపోయే నిబంధనలను నిలిపివేసింది. బోర్డుల్లో ముస్లిమేతరుల సంఖ్యకు పరిమితి విధించింది. పోరాటం కోర్టులో సాగుతుంది. అది సాగవలసిందే.

అయినా గుమాస్తా బుద్ధితో ఒక సంగతి గమనించాము. కూటమి పార్టీ అడిగిన ఆ మూడు మార్పులూ ఫెయిర్ కాపీలోకి వచ్చాయి. అంటే అడిగితే, లిఖితపూర్వకంగా, బిల్లు ఓటుకు రాకముందే అడిగితే, వచ్చే కాలం ఇది. 240 స్థానాల ప్రభుత్వం కొన్ని వాక్యాలు మార్చక తప్పదు. అయితే ఆ మూడు మార్పులను ఎంచింది మనం కాదు. ఏవి అడగాలో, ఏవి వదలాలో నిర్ణయించిన గదిలో ఈ రెండు జిల్లాల జమాత్‌లు లేవు. మేము ఎవరికైనా వినతిపత్రం ఇచ్చామా? ఆ ఎనిమిది నెలల్లో మన మసీదుల్లో ప్రసంగాలు జరిగాయి, వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. సర్వే నంబర్లతో, ఫలానా సెక్షనులో ఫలానా వాక్యం ఇలా మార్చండని రాసిన ఒక్క కాగితం మా ఎరుకలో ఇక్కడి నుంచి వెళ్లలేదు. ఈ తప్పులో మా భాగం కూడా ఉంది. డ్రాఫ్టు రాయడం వచ్చినవాళ్లం మేమే కదా.

మన జిల్లాల్లో మసీదులు, ఖబరస్తాన్‌లు, ఆషూర్‌ఖానాలు చాలావరకు దస్తావేజు లేనివే. ఏ జమీందారో నోటిమాటగా ఇచ్చిన స్థలం, ఊరివాళ్లు వదిలిపెట్టిన దిబ్బ, తరాలుగా వాడుకలో ఉన్న నేల. నోటిమాట మీద నిలిచినవి. ఇకమీద కొత్తగా వాడుకవల్ల వక్ఫ్ అన్నది చట్టంలో లేదు. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచారు. ఆరు నెలల గడువు పెట్టారు. ఎన్ని చిన్న ఊళ్ల ముతవల్లీలకు ఆ పోర్టల్‌లో పత్రాలు ఎక్కించడం చేతనైందో, ఎక్కించడానికి పత్రాలు ఎందరి దగ్గర ఉన్నాయో పాఠకులకు తెలియనిది కాదు.

4 శాతం రిజర్వేషన్ కొనసాగిస్తామని తెలుగుదేశం అధినాయకులు 2024 ఎన్నికల ప్రచారంలోనే చెప్పారు. కేంద్రంలో వారి భాగస్వామి పార్టీ నాయకులు మతం పేరిట రిజర్వేషన్లు ఉండరాదని అదే ఎన్నికల్లో చెప్పారు. ఈ రెండు మాటల మధ్య ఒక రోజున రాజీ జరుగుతుంది. జరగక తప్పదు. ఆ రాజీ సుప్రీంకోర్టులో రాష్ట్ర ప్రభుత్వం వేసే అఫిడవిట్ రూపంలో వస్తుందో, వెనుకబాటుతనంపై కొత్త సర్వే రూపంలో వస్తుందో, మౌనం రూపంలో వస్తుందో చెప్పలేము. మౌనం రూపంలో వస్తే మనకు అది కనబడను కూడా కనబడదు. ప్రచార సభలో చెప్పిన మాట అఫిడవిట్‌లో ఉందా అని ఇప్పుడే అడగాలి. వెనుకబాటుతనం లెక్కలు కోర్టులో నిలిచేటట్టు తాజాగా తయారు చేయించమని ఇప్పుడే కోరాలి. ఎన్నికలు మళ్లీ దగ్గరపడితే అందరూ నోటిమాటలే చెబుతారు.

ఈ నెలలో మా ఇంటి వరండాలో ఆ కుర్రవాడూ, అతని స్నేహితులు ముగ్గురూ కూర్చుని పని మొదలుపెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో తమకు తెలిసిన ప్రతి మసీదు, దర్గా, ఖబరస్తాన్ పేరు, మండలం, సర్వే నంబరు, హద్దులు, ఎవరి స్వాధీనంలో ఉంది, ఏ పత్రం ఉంది, ఏది లేదు అని గళ్లు గీసి రాస్తున్నారు. కొన్నిచోట్ల సర్వే నంబరు గడి ఖాళీగా ఉంది. ఆ ఊళ్లకు వెళ్లి వి.ఆర్.ఓ.ను కలిసి రావాలి. మేము చెప్పుకున్న ఖబరస్తాన్ పేరు కూడా ఆ జాబితాలో పదిహేడో వరుసలో ఉంది. దాని ఎదురుగా, వెనక పోరంబోకు స్థలం గురించి ఇచ్చిన మాట, అది ఫైలులోకి ఎక్కని సంగతి, మా చేతిరాతతో మేమే రాసి సంతకం పెట్టాము. జాబితా పూర్తయ్యాక ఇద్దరు ఎంపీల కార్యాలయాలకు, మైనారిటీల సంక్షేమ శాఖకు, వక్ఫ్ బోర్డుకు వెళుతుంది. ఒక్కోటి రెండు ప్రతులు తీసుకొని వెళ్లమని, రెండో ప్రతి మీద తేదీతో సహా అందినట్టు ముద్ర వేయించుకోకుండా మెట్లు దిగవద్దని పిల్లలకు చెప్పాము.